మైటోకాండ్రియాను దెబ్బతీస్తే ఎలుకలు సన్నబడ్డాయి, ఎందుకు?

2007లో ఒక పరిశోధన బృందం ఎలుకల కండరాల్లో, కాలేయంలో ఏఐఎఫ్ అనే ప్రోటీన్ తయారవకుండా చేసింది. అది లేకపోతే కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా కుంటుపడుతుంది, ఆక్సిజన్ వాడుకుని తిండిని శక్తిగా మార్చే పని నెమ్మదిస్తుంది. అప్పటికి ఈ రంగంలో చాలామంది నోట ఉన్న మాట ఏంటంటే, మైటోకాండ్రియా బలహీనపడితే కొవ్వు సరిగ్గా ఖర్చవదు, ఖర్చవని కొవ్వు కండరాల్లో, కాలేయంలో పేరుకుంటుంది, దాంతో ఇన్సులిన్ మాట కణాలు వినడం మానేస్తాయి, చివరికి షుగర్ వస్తుంది. ఆ లెక్కన ఈ ఎలుకలు బాగా లావెక్కి షుగర్ తెచ్చుకోవాలి. అదేం జరగలేదు. సన్నగా ఉన్నాయి, కొవ్వు కణాలు చిన్నగా ఉన్నాయి, ఇన్సులిన్‌కి మామూలు ఎలుకల కంటే బాగా స్పందించాయి, కొవ్వు దట్టించిన తిండి పెట్టినా అంతగా లావెక్కలేదు.

అప్పట్నుంచి ఇలాంటివి ఇంకా చాలా వచ్చాయి. మైటోకాండ్రియాలో ఏదో ఒక భాగం పీకేస్తారు, జంతువు చెడిపోతుందని ఎదురుచూస్తారు, అదేమో ఇంకా ఆరోగ్యంగా తయారవుతుంది. అన్నిసార్లూ కాదు, కానీ పట్టించుకోకుండా వదిలేయలేనంత తరచుగా.

"మీ మైటోకాండ్రియాను ఛార్జ్ చేసుకోండి, బరువు దానంతటదే తగ్గుతుంది" అనే సప్లిమెంట్ ప్రకటనలు చూసినప్పుడల్లా నాకు ఆ ఎలుకలే గుర్తొస్తాయి. ఆ ప్రకటనలన్నీ పాత లెక్క మీద నడుస్తున్నాయి: బలమైన మైటోకాండ్రియా అంటే సన్నటి మనిషి, బలహీనమైనది అంటే లావు మనిషి. అసలు సంగతి అంత సూటిగా లేదు. నాకు అర్థమైనంతలో, ఊబకాయంలో చూడాల్సింది ఒత్తిడి పడినప్పుడు మైటోకాండ్రియా ఏం చేస్తోంది, ఆ కబురు ఎవరికి పంపిస్తోంది, అవతలి వాళ్లు ఆ కబురు ఇంకా వింటున్నారా లేక విని విని విసుగెత్తిపోయారా అని.

ముందు ఒత్తిడి ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ని చేరతాయి. ఆ దారిలో దొరికిన శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి వెళ్లి పోగవుతాయి, ఆనకట్ట వెనక నీళ్లు నిలిచినట్టు. అవి మళ్లీ లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ, అంటే కణం ఖర్చుపెట్టుకునే ఇంధనం, తయారుచేసే యంత్రాన్ని తిప్పుతాయి. 1961లో పీటర్ మిచెల్ ఈ సిద్ధాంతం చెప్తే చాలామంది కొట్టిపారేశారు, 1978లో దానికే నోబెల్ ఇచ్చారు. ఇప్పుడు మనకి కావాల్సిన మాట: శరీరం ఏటీపీని ఖర్చుపెడితేనే ఆ తూము తెరుచుకుంటుంది. కదలకుండా కూర్చుని తింటూ ఉంటే పైనుంచి వరద వస్తూనే ఉంటుంది, కింద తూము మూసే ఉంటుంది. మట్టం పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు ముందుకు కదల్లేక దారి మధ్యలోనే ఆక్సిజన్‌కి అంటుకుంటాయి, సూపరాక్సైడ్ పుడుతుంది, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. కొంచెం వస్తే అదొక సంకేతం, కణం దాన్ని చదువుకుని సర్దుకుంటుంది. రోజూ, రోజంతా వస్తుంటే ప్రోటీన్లు, పొరలు దెబ్బతింటాయి. కొవ్వు ఎక్కువున్న తిండి తర్వాత కండరాల మైటోకాండ్రియా నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కువగా వస్తోందని 2009లో ఎలుకల్లోనూ మనుషుల్లోనూ కొలిచి చూపించారు.

ఇది తిండి ఎక్కువై వచ్చే ఒత్తిడి. ఇంకో రకం మైటోకాండ్రియా పుట్టుకలోనే ఉంది. దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది, మనుషుల్లో 16,569 అక్షరాల చిన్న ఉంగరం, అందులో 37 జన్యువులు, వాటి నుంచి తయారయ్యే ప్రోటీన్లు 13 మాత్రమే. కానీ మైటోకాండ్రియాలో ఉండే ప్రోటీన్లు వెయ్యికి పైనే. అంటే మిగతావన్నీ కణం కేంద్రకంలోని జన్యువుల నుంచి బయట తయారై, మడతలు విప్పుకుని, పొరల్లోని సన్నటి రంధ్రాల గుండా దూరి, లోపలికెళ్లాక మళ్లీ మడతపడి, ఆ 13తో సరిగ్గా అమరాలి. ఏ పక్క ఎక్కువైనా తక్కువైనా జత దొరకని ప్రోటీన్లు లోపల కుప్పపడతాయి. ఇంత గజిబిజి ఏర్పాటు రోజూ నడవడమే నాకు వింతగా అనిపిస్తుంది.

కుప్పపడ్డప్పుడు ఏం చెయ్యాలో కణానికి తెలుసు. 1996లో ఆస్ట్రేలియాలో ఒక బృందం మైటోకాండ్రియా డీఎన్‌ఏ లేకుండా చేసిన కణాల్లో, ప్రోటీన్లు సరిగ్గా మడతపడేలా చూసే సహాయక ప్రోటీన్లు పెరగడం గమనించింది. మైటోకాండ్రియాలో గొడవ జరిగితే కేంద్రకం స్పందిస్తోందన్నమాట. అది ఎలా తెలుసుకుంటోందన్నది తర్వాత ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలిగాన్స్ అనే పురుగులో బయటపడింది. ఆ పురుగులో ఏటీఎఫ్ఎస్-1 అనే ప్రోటీన్ ఉంది, దానికి మైటోకాండ్రియాలోకి వెళ్లే గుర్తూ ఉంది, కేంద్రకంలోకి వెళ్లే గుర్తూ ఉంది. అంతా బాగున్నప్పుడు మైటోకాండ్రియా దాన్ని లోపలికి లాగేసుకుని ముక్కలు చేసేస్తుంది. మైటోకాండ్రియా నీరసపడితే ప్రోటీన్లని లోపలికి లాగే శక్తే తగ్గుతుంది, అప్పుడు ఏటీఎఫ్ఎస్-1 బయటే మిగిలిపోయి కేంద్రకానికి పోతుంది, అక్కడ రిపేరు జన్యువులన్నిటినీ లేపుతుంది. 2012లో ఇది చదివినవాళ్లకి ఎంత ముచ్చటేసి ఉంటుందో ఊహించుకోవచ్చు. విడిగా అలారం అక్కర్లేదు, లాగలేకపోవడమే అలారం.

మనలాంటి క్షీరదాల్లో కథ ఇంకాస్త చిక్కుగా ఉంది. మన దగ్గర ప్రధాన పాత్ర ఏటీఎఫ్4 అనే ప్రోటీన్‌ది. మైటోకాండ్రియాలో ఇబ్బంది వస్తే కణం మామూలు ప్రోటీన్ల తయారీని కాసేపు తగ్గించి, ఏటీఎఫ్4ని మాత్రం పెంచుతుంది, అది ఒత్తిడిని తట్టుకోవడానికి కావాల్సిన జన్యువులని నడిపిస్తుంది. కానీ మైటోకాండ్రియా లోపలి కబురు బయటికి ఎలా వస్తోందన్నది చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 2020లో రెండు బృందాలు ఒకేసారి జవాబు చెప్పాయి: ఓఎంఏ1 అనే కత్తెర ఎంజైమ్ డీఈఎల్ఈ1 అనే ప్రోటీన్‌ని కోస్తుంది, తెగిన ముక్క బయటికొచ్చి హెచ్ఆర్ఐ అనే ఎంజైమ్‌ని లేపుతుంది, అక్కణ్ణుంచి ఏటీఎఫ్4. ఈ హెచ్ఆర్ఐని అంతకుముందు ఎర్రరక్తకణాలకి సంబంధించిన ఎంజైమ్‌గానే ఎక్కువగా చూసేవాళ్లు, హీమ్ (హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) తక్కువైనప్పుడు హిమోగ్లోబిన్ తయారీని ఆపుతుందని.

ఇంతవరకు అంతా ఒక్క కణం లోపలి గొడవ. బరువుతో సంబంధం ఎక్కడ?

ఏటీఎఫ్4 లేపే జన్యువుల్లో రెండు, కణం దాటి రక్తంలోకి వెళ్లే హార్మోన్లని తయారుచేస్తాయి. ఒకటి ఎఫ్‌జీఎఫ్21, రెండోది జీడీఎఫ్15. కండరంలో మైటోకాండ్రియాకి కష్టమొస్తే ఆ కబురు కాలేయానికి, కొవ్వుకి, మెదడుకి వీటి ద్వారా చేరుతుంది. ఇలా ఒకచోటి మైటోకాండ్రియా ఒత్తిడి ఇంకోచోట స్పందన తెప్పించడం కూడా ముందు పురుగుల్లోనే కనబడింది, 2011లో: నాడీకణాల్లో ఒత్తిడి పెడితే పేగు కణాలు స్పందించాయి. ఇలాంటి సంకేతాలకి మైటోకైన్లు అని పేరు పెట్టారు. అదే ఏడాది ఫిన్లాండ్ పరిశోధకులు, మైటోకాండ్రియా జబ్బుతో కండరాలు దెబ్బతిన్నవాళ్ల రక్తంలో ఎఫ్‌జీఎఫ్21 బాగా పెరిగి ఉంటుందని, జబ్బు కనిపెట్టడానికి అది పనికొస్తుందని చూపించారు.

2013లో కొరియాలో ఒక బృందం ఎలుకల కండరాల్లో ఏటీజీ7 అనే జన్యువు తీసేసింది. పాడైన మైటోకాండ్రియాని ఏరిపారేసే పని దాంతో ఆగిపోతుంది. మళ్లీ అదే కథ: ఎలుకలు పాడవుతాయనుకుంటే కొవ్వు తగ్గింది, కొవ్వు తిండి పెట్టినా లావెక్కలేదు, ఇన్సులిన్ బాగా పనిచేసింది. ఈసారి మాత్రం కారణం దొరికింది. పాడైన మైటోకాండ్రియా ఏటీఎఫ్4ని లేపింది, అది ఎఫ్‌జీఎఫ్21ని లేపింది, ఆ హార్మోన్ కొవ్వు కణజాలానికి వెళ్లి కొవ్వుని కరిగించి ఖర్చుపెట్టించింది. 2017లో ఓపీఏ1 అనే ఇంకో ప్రోటీన్‌ని కండరం నుంచి తీసేసినప్పుడు కూడా ఎఫ్‌జీఎఫ్21 పెరిగి ఎలుకలు సన్నగా ఉండిపోయాయి. అంటే దెబ్బతిన్న కండరం తను మెరుగవలేదు, మిగతా శరీరాన్ని అప్రమత్తం చేసింది. లాభం అక్కణ్ణుంచి వచ్చింది.

జీడీఎఫ్15ది మరీ విచిత్రమైన దారి. కొన్ని క్యాన్సర్లలో ఆకలి చచ్చిపోయి మనిషి ఎండిపోవడం వెనక ఇది ఉందని 2007లోనే తెలుసు, కానీ కణాల మీద దీన్ని పట్టుకునే గ్రాహకం ఎక్కడుందో తెలియలేదు. 2017లో నాలుగు బృందాలు ఇంచుమించు ఒకేసారి కనిపెట్టాయి: జీఎఫ్ఆర్ఏఎల్ అనే ఆ గ్రాహకం మెదడు వెనక భాగంలో, వాంతులకి సంబంధించిన చోటే ఉంది, వేరేచోట దాదాపు లేదు. గర్భిణుల్లో విపరీతమైన వాంతులకి కూడా ఈ హార్మోనే ముఖ్య కారణమని 2023లో గట్టి ఆధారాలు వచ్చాయి. కణం ఎక్కడ కష్టంలో ఉన్నా మెదడుకి చేరే మాట "ఇప్పుడు తినకు" అని. విషం తిన్నప్పుడు, జబ్బుపడ్డప్పుడు ఆకలి పోవడం గురించి ఆలోచిస్తే ఇందులో అర్థం ఉంది.

సరే, ఇంతవరకు చదివినవాళ్లకి ఒక ప్రశ్న రావాలి, నాకైతే వెంటనే వచ్చింది. ఊబకాయంలో మైటోకాండ్రియా ఒత్తిడి ఉన్నట్టయితే, ఒత్తిడి వల్ల ఈ హార్మోన్లు వస్తున్నట్టయితే, ఈ హార్మోన్లు సన్నబడేలా చేస్తున్నట్టయితే, లావుగా ఉన్నవాళ్లు వాళ్లంతటవాళ్లే సన్నబడిపోవాలి కదా?

హార్మోన్లు నిజంగానే పెరుగుతాయి. లావుగా ఉన్నవాళ్లలో ఎఫ్‌జీఎఫ్21 సగటున ఎక్కువగానే ఉంటుందని 2008 నుంచే చూస్తున్నారు. 2010లో ఒక బృందం లావెక్కిన ఎలుకలకి బయటి నుంచి ఎఫ్‌జీఎఫ్21 ఇచ్చి చూసింది, సన్నటి ఎలుకలతో పోలిస్తే వాటి కణాలు మందకొడిగా స్పందించాయి. ఇన్సులిన్ విషయంలో, కొవ్వు నుంచి వచ్చి ఆకలి తగ్గించే లెప్టిన్ అనే హార్మోన్ విషయంలో జరిగేదే ఇక్కడా. సంకేతం ఎప్పుడూ మోగుతూనే ఉంటే వినేవాళ్లు చెవులు మూసుకుంటారు. ఎఫ్‌జీఎఫ్21 పట్టుకోవడానికి కావాల్సిన బీటా క్లోథో అనే ప్రోటీన్ కొవ్వు కణజాలంలో తగ్గడం అందుకు ఒక కారణంగా కనిపిస్తోంది. మందు మోతాదులో బాగా ఎక్కువగా ఇస్తే మాత్రం ఈ మొద్దుతనాన్ని దాటొచ్చు, కాబట్టి పూర్తిగా చెవుడు అనలేం. దీనికి ప్రతిఘటన అనే పేరు సరైనదేనా అని కూడా ఆ రంగంలో వాదన ఉంది, నా మటుకు పేరు ఏదైనా లక్షణం నిజమే.

ఈ హార్మోన్లని మందులుగా వాడితే? ప్రయత్నించారు. ఎఫ్‌జీఎఫ్21ని పోలిన మందు ఒకటి 2013లో లావుగా ఉండి షుగర్ ఉన్నవాళ్ల మీద పరీక్షించారు. రక్తంలో కొవ్వులు బాగా మెరుగయ్యాయి, బరువు కొద్దిగానే తగ్గింది, రక్తంలో చక్కెర అయితే ఎలుకల్ని చూసి ఆశపడ్డంతగా తగ్గనే లేదు. అందుకే ఇప్పుడు ఈ తరహా మందులన్నీ బరువు మాట పక్కనపెట్టి ఫ్యాటీ లివర్ వైపు వెళ్లాయి, అక్కడ ఫలితాలు నిజంగా ఆశాజనకంగా ఉన్నాయి. జీడీఎఫ్15ని పోలిన మందు ఒకటి మనుషుల మీద పరీక్షిస్తే 12 వారాల్లో బరువు దాదాపు 3 శాతం తగ్గింది, దాంతోపాటు వికారం, వాంతులు. గ్రాహకం ఉన్న చోటు తెలిశాక ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేం లేదు. తమాషా ఏంటంటే, ఇదే హార్మోన్‌ని అడ్డుకునే మందు క్యాన్సర్‌తో ఎండిపోతున్నవాళ్లకి బరువు పెంచుతుందని 2024లో తేలింది. నాకైతే జీడీఎఫ్15 పరిశోధన అసలు ఫలం అదేననిపిస్తుంది, బరువు తగ్గించే మందుల గోలలో అది పెద్దగా వినపడలేదంతే.

మెట్‌ఫార్మిన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇన్ని కోట్లమంది వేసుకునే షుగర్ మాత్ర మైటోకాండ్రియాని బలపరిచేది కాదు, ఎలక్ట్రాన్లు చేతులు మారే వరుసలో మొదటి ప్రోటీన్ల గుంపైన మొదటి కాంప్లెక్స్ పనిని కొంచెం అడ్డుకునేది. అది పనిచేసే తీరు మీద ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. అయితే మెట్‌ఫార్మిన్ వేసుకుంటే రక్తంలో జీడీఎఫ్15 పెరుగుతుందని, ఆ హార్మోన్ లేని ఎలుకల్లో ఈ మాత్రతో బరువు తగ్గడం కనబడలేదని 2020లో ఒక పరిశోధన వచ్చింది. తర్వాత వచ్చిన కొన్ని పరిశోధనల్లో మాత్రం హార్మోన్ లేకపోయినా బరువు తగ్గింది. కాబట్టి అది ఒక దారి, ఏకైక దారి అనలేం.

ఇక మోతాదు సంగతి. ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికంటే గట్టిగా అనిపించిన ప్రయోగం 2021లోది, ఇదీ కొరియాదే. మెదడులో హైపోథాలమస్ అనే చోట పీఓఎంసీ నాడీకణాలు ఉంటాయి, ఆకలిని తగ్గించేవి అవి. ఆ కణాల్లో మాత్రమే క్రిఫ్1 అనే జన్యువుని తీసేశారు, మైటోకాండ్రియా తన 13 ప్రోటీన్లని సరిగ్గా తయారుచేసుకోవాలంటే అది కావాలి. ప్రతి జన్యువుకీ రెండు ప్రతులు ఉంటాయి కదా, రెండూ తీసేసిన ఎలుకలు బాగా లావెక్కాయి. ఒక్కటే తీసేసినవి సన్నగా ఉన్నాయి, శక్తి ఎక్కువగా ఖర్చుపెట్టాయి. అదే జన్యువు, అవే కణాలు, తేడా అల్లా ఒత్తిడి ఎంత పడిందన్నదే, ఫలితాలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఇది చూశాక "మైటోకాండ్రియా ఒత్తిడి ఊబకాయానికి మంచిదా చెడ్డదా" అని అడిగేవాళ్లని నేను తిరిగి మూడు అడుగుతాను: ఏ కణంలో, ఎంత, ఎన్నాళ్లు?

ఏ కణంలో అన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి 2013లో వచ్చిన ఇంకో పరిశోధన ఉంది. మైటోకాండ్రియాలు ఒకదానితో ఒకటి అతుక్కోవడానికి కావాల్సిన మైటోఫ్యూజిన్ 2ని ఇవే పీఓఎంసీ కణాల్లో తీసేస్తే ఎలుకలకి లెప్టిన్ పనిచెయ్యడం మానేసింది, విపరీతంగా తిన్నాయి, లావెక్కాయి. కండరంలో ఇలాంటి ప్రోటీన్ తీసేస్తే సన్నబడ్డాయని పైన చెప్పాను కదా. కండరం కష్టం వేరు, ఆకలిని చూసుకునే నాడీకణం కష్టం వేరు.

లాభం వచ్చినచోట కూడా ఊరికే రాదు. సీఎల్‌పీపీ అని మైటోకాండ్రియా లోపల పాడైన ప్రోటీన్లని ముక్కలుచేసే ఎంజైమ్ ఉంది. అది లేని ఎలుకలు కొవ్వు తిండికి లావెక్కవని 2018లో వచ్చింది. వినడానికి బాగుంది. కానీ అవే ఎలుకలు చలికి ఒంట్లో వేడి పుట్టించుకోవడంలో వెనకబడ్డాయి. ఈ రకం పరిశోధనల గురించి వార్తలు రాసేటప్పుడు మొదటి సగమే రాస్తారు.

ఇప్పటిదాకా కండరం, మెదడు. మరి కొవ్వు కణం సంగతేంటి, ఊబకాయం అంటేనే అది కదా? అక్కడ ఇంత తిరకాసు లేదు, పరిస్థితి సూటిగా బాగోలేదు. ఫిన్లాండ్‌లో ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్లో, ఒకరు సన్నగా, ఇంకొకరు లావుగా ఉన్న జతల్ని వెతికిపట్టుకుని చూశారు. జన్యువులు ఒకటే కాబట్టి "వంశంలోనే ఉంది" అనే మాటకి చోటు లేదు. లావుగా ఉన్నవాళ్ల కొవ్వు కణజాలంలో మైటోకాండ్రియాకి సంబంధించిన జన్యువుల పని తక్కువగా ఉంది. 2024 జనవరిలో కాలిఫోర్నియా నుంచి వచ్చిన పరిశోధన ఒక కారణం చూపించింది. కొవ్వు తిండి తిన్న ఎలుకల తెల్ల కొవ్వు కణాల్లో రాల్ఏ అనే ప్రోటీన్ అదేపనిగా పనిచేస్తూ ఉండిపోతుంది, దానివల్ల పొడుగ్గా ఉండాల్సిన మైటోకాండ్రియాలు చిన్నచిన్న ముక్కలైపోతాయి, ముక్కలు కొవ్వుని అంత బాగా ఖర్చుపెట్టలేవు. కొవ్వు కణాల్లో రాల్ఏని తీసేస్తే మగ ఎలుకలు అంత లావెక్కలేదు. మగ అని ప్రత్యేకంగా ఎందుకు రాశానంటే ఈ రంగంలో చాలా ఫలితాలు మగ ఎలుకల్లోనే వస్తాయి, ఆ ముక్క వార్తల్లోకి వచ్చేసరికి ఎక్కడో రాలిపోతుంది.

ఏది ముందు, ఏది వెనక అన్న గొడవ కూడా ఉంది. 2004లో ఒక ప్రసిద్ధ పరిశోధనలో, తల్లిదండ్రులకి షుగర్ ఉండి, తాము సన్నగానే ఉన్నా ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యని యువతీయువకుల కండరాల్లో మైటోకాండ్రియా పని దాదాపు 30 శాతం తక్కువగా ఉందని తేలింది. లావు రాకముందే, షుగర్ రాకముందే లోపం ఉందంటే అదే మూలం అనుకున్నారు. తర్వాత 2008లో, కొవ్వు తిండి పెట్టిన ఎలుకల్లో ఇన్సులిన్ పని దెబ్బతినడంతోపాటు కండరంలో మైటోకాండ్రియా పెరిగిందని ఇంకో బృందం చూపించింది. రెండూ సరైనవే కావచ్చు. తిండి ఎక్కువైన తొలిరోజుల్లో మైటోకాండ్రియా కొంత పెరిగి తట్టుకుంటుంది, ఏళ్లతరబడి అలాగే సాగితే తగ్గిపోతుంది అని నేను అనుకుంటున్నాను, కానీ ఒకే మనిషిని మొదట్నుంచి చివరిదాకా వెంబడించి ఈ వరుస చూపిస్తేగాని దాన్ని గట్టిగా అనలేం.

వ్యాయామం మంచిదన్న మాట అందరికీ తెలుసు, కానీ దానికీ ఈ ఒత్తిడి కథకీ ఉన్న లింకు చాలామందికి తెలియదు. గట్టిగా కదిలినప్పుడు కండరంలో మైటోకాండ్రియా మీద ఒత్తిడి పడుతుంది, ఆక్సిజన్ రాడికల్స్ (పైన చెప్పిన సూపరాక్సైడ్ లాంటివి) వస్తాయి, కాసేపటికి తగ్గిపోతాయి. 2009లో జర్మనీలో యువకులకి 4 వారాలు వ్యాయామం చేయించారు, అందులో సగంమందికి రోజూ విటమిన్ సీ 1000 మిల్లీగ్రాములు, విటమిన్ ఈ 400 యూనిట్లు ఇచ్చారు. విటమిన్లు తీసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. తీసుకున్నవాళ్లలో మెరుగవలేదు. యాంటీ ఆక్సిడెంట్లయిన ఈ విటమిన్లు ఆ ఒత్తిడి సంకేతాన్ని తుడిచేశాయి, దాంతో శరీరం సర్దుకోవాల్సిన అవసరమే రాలేదు. తర్వాత చేసిన పరిశోధనలన్నీ ఇంత తేటగా రాలేదు, అయినా వ్యాయామం చేసేవాళ్లు పెద్ద మోతాదులో ఈ మాత్రలు మింగడంలో నాకు అర్థం కనబడదు. పండ్లు, కూరగాయల్లో ఉండే మోతాదు గురించి కాదు నేనంటున్నది.

సప్లిమెంట్ల వైపు ఇంకో పేరు నికోటినమైడ్ రైబోసైడ్, విటమిన్ బీ3లో ఒక రకం. 2012లో కొవ్వు తిండి తిన్న ఎలుకల్ని ఇది బాగా కాపాడింది, మార్కెట్ అంతా దాని వెంటపడింది. 2018లో లావుగా ఉండి ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యని మగవాళ్లకి 12 వారాలపాటు రోజుకి 2000 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఇన్సులిన్ పనితీరులో మార్పు లేదు. ప్రకటనల్లో ఇప్పటికీ 2012 ఎలుకలే కనిపిస్తాయి.

ఇక డీఎన్‌పీ, డైనైట్రోఫినాల్. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ దొంగచాటుగా అమ్ముతున్నారు కాబట్టి రాయకుండా వదలలేను. 1933లో స్టాన్‌ఫర్డ్‌లో ఇద్దరు డాక్టర్లు దీన్ని బరువు తగ్గించే మందుగా ప్రచారంలోకి తెచ్చారు. ప్రోటాన్లు ఏటీపీ యంత్రాన్ని తిప్పకుండానే పొర గుండా కారిపోయేలా చేస్తుంది, తిండిలోని శక్తి అంతా వేడిగా పోతుంది. బరువు తగ్గింది, నిజమే. కొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి, కొందరు ఒంట్లో వేడి ఆగక చనిపోయారు. పనిచేసే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ, ఒకసారి వేడి పెరగడం మొదలయ్యాక ఆపడానికి విరుగుడు లేదు. 1938లో అమెరికాలో దీని అమ్మకం ఆపేశారు. కొద్దిపాటి ఒత్తిడి మంచిదట అని చదివి ఎవరైనా ఇటువైపు చూస్తారేమోనని నాకు కొంచెం భయం. వ్యాయామంలో ఒత్తిడి పడేదీ, ఆగేదీ మీ చేతిలో ఉంటుంది. ఇది ఒక్కసారి మింగాక ఎవరి చేతిలోనూ ఉండదు.

ఎలుకల గురించి ఇంత రాశాను కాబట్టి ఒక చిరాకు కూడా చెప్పుకోవాలి. ప్రయోగశాలల్లో ఎలుకల్ని సుమారు 22 డిగ్రీల దగ్గర ఉంచుతారు, అంటే మనకి హాయిగా ఉండే వేడి. ఎలుకకి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర. కాబట్టి మామూలు ప్రయోగశాల ఎలుక ఎప్పుడూ కొంచెం చలికి వణుకుతూ, తిన్నదాంట్లో పెద్ద వాటా ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చుచేస్తూ ఉంటుంది. బ్రౌన్ కొవ్వులో వేడి పుట్టించే యూసీపీ1 అనే ప్రోటీన్ లేని ఎలుకలు లావెక్కాలి కదా అని చూస్తే మామూలు గదుల్లో ఎక్కలేదు, 30 డిగ్రీల దగ్గర పెట్టి చూసిన 2009 పరిశోధనలో ఎక్కాయి. మైటోకాండ్రియా ఒత్తిడి వల్ల "శక్తి ఖర్చు పెరిగింది" అని ఏ పరిశోధన చెప్పినా, నేను ముందు వెతికేది ఆ ఎలుకల్ని ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచారన్నదే. చాలాసార్లు అది పద్ధతుల విభాగంలో ఎక్కడో చిన్న వాక్యంలో దొరుకుతుంది, కొన్నిసార్లు అసలు రాయరు.